గాలి మావైపు, నీళ్ళు దివివైపు

నవంబరు నెల వచ్చిందంటే మా తాతయ్య రోజుకు నాలుగుసార్లు వాకిట్లోకి వచ్చి తూర్పువైపు చూస్తాడు. టీవీలోను, ఫోనులోను వాతావరణ సమాచారం వస్తూనే ఉంటుంది. అయినా ఆయన చూపు ఆయనదే. మాది పరుచూరు ప్రాంతంలో ఒక నల్లరేగడి పల్లె. సముద్రానికి ఇంచుమించు పాతిక కిలోమీటర్ల దూరం. మా ఊళ్ళో నిలబడితే సముద్రం కనిపించదు, దాని హోరూ వినిపించదు. కాని మా తాతయ్యకు 1977 నవంబరు 19వ తేదీ శనివారం నాటి హోరు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

"అంత గాలీ మన నెత్తిమీదినించే పోయిందమ్మా. చేలో పత్తికట్టె నిలబడితే ఒట్టు. పెంకులు ఆకుల్లాగా ఎగిరిపోయినై. మధ్యలో కాసేపు ఆగింది. అయిపోయిందనుకొని బయటికొచ్చాం. మళ్ళీ ఎదురుదిక్కునించి అందుకుంది. మనంత నాశనమైపోయినవాళ్ళు ఎవరూ లేరనుకున్నాం. రెండు మూడు రోజులకు తెలిసింది, దివిలో ఊళ్ళకు ఊళ్ళే లేకుండా పోయినయ్యని. గాలేమో మనవైపు వచ్చింది, నీళ్ళేమో అటు పోయినై. అదెట్టాగో నాకు ఇప్పటికీ అర్థంగాదు" అంటాడు.

చిన్నప్పటినుంచి ఈ మాట వింటూ పెరిగాను. డిగ్రీలో భౌతికశాస్త్రం చదవటం మొదలుపెట్టాక, తాతయ్య ప్రశ్నకు జవాబు ఉన్నదనీ, అది అంత కష్టమైనది కూడా కాదనీ తెలిసింది. అయితే ఆ జవాబు ఆయనకు చెప్పబోతే మరొక ప్రశ్న ఎదురైంది. 1977 తుఫాను మనకు నేర్పిన పాఠాన్ని దేశం చాలావరకు నేర్చుకున్నది. మరి ప్రతి రెండు మూడేళ్ళకూ మా పత్తీ మిరపా ఎందుకు పోతున్నాయి? ఈ రెండు ప్రశ్నలనూ నాకు తెలిసినంతలో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ నవంబరులో జరిగినది

1977 నవంబరులో బంగాళాఖాతం ఒక తుఫానుతో ఊరుకోలేదు. మొదటిది 12వ తేదీన తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటి వందలమందిని పొట్టన పెట్టుకున్నది. ఆ కబురు పాతబడకముందే, 14వ తేదీ ప్రాంతంలో ఆగ్నేయ బంగాళాఖాతంలో ఇంకొక వాయుగుండం బయలుదేరింది. అది మొదట పడమటి దిక్కుగా నడిచి, తరువాత ఉత్తరానికి మళ్ళి, 19వ తేదీ సాయంకాలానికి చీరాల సమీపంలో తీరం దాటింది. అప్పట్లో చీరాల ప్రకాశం జిల్లాలోను, బాపట్ల, రేపల్లె గుంటూరు జిల్లాలోను ఉండేవి. 2022 ఏప్రిల్ నుంచి ఇవి బాపట్ల జిల్లాలో ఉన్నాయి. పాత లెక్క చెప్పేవాళ్ళూ కొత్త లెక్క చెప్పేవాళ్ళూ ఒకే తీరం గురించి మాట్లాడుతున్నారని చదువరులు గుర్తుంచుకోవాలి.

ఆ తుఫాను గాలి వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. కాని ఎక్కువమందిని చంపినది గాలి కాదు. తీరం దాటిన చోటికి ఈశాన్యంగా అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరాన, కృష్ణానది రెండు పాయల నడుమ ఉన్న దివిసీమ మీదికి సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి వచ్చింది. అంటే ఒక మేడ కప్పును మించిన ఎత్తు. పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకువచ్చింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల పల్లెలు దాని కిందపడ్డాయి. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళ పేర్లు ఆ తరంవారికి ఈనాటికీ ఒంటికి వణుకు తెప్పిస్తాయి. రేపల్లె వైపు పల్లెలూ మునిగాయి. సర్కారు లెక్కల ప్రకారమే మరణాలు పదివేల ప్రాంతం. అసలు లెక్క అంతకంటే ఎక్కువని ఆనాడు చూసినవారంటారు. పశువులు లక్షల్లో పోయాయి. ఫోను తీగలూ కరెంటు స్తంభాలూ కూలటం వల్ల జరిగినదేమిటో బయటి లోకానికి వెంటనే తెలియనే లేదు.

కృష్ణాతీరానికి ఇది కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో ముప్ఫైవేలమంది దాకా పోయారని చరిత్ర చెబుతున్నది. నూట పదమూడేళ్ళ తరువాత దాదాపు అదే తీరాన, అదే నెలలో, అదే తీరుగా మళ్ళీ జరిగింది.

తుఫానుకు తిండి ఏది?

తుఫానుకు తిండి వెచ్చటి సముద్రం. పైపొర నీళ్ళు ఇంచుమించు 26.5 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి, ఆ వేడి కొంతలోతు వరకు ఉంటే, నీళ్ళు జోరుగా ఆవిరవుతాయి. ఆ ఆవిరి పైకి పోయి చల్లబడి మళ్ళీ నీటిబొట్టుగా మారినప్పుడు, తాను దాచుకున్న వేడిని వదులుతుంది. ఒక్క గ్రాము ఆవిరి నీరుగా మారితే సుమారు 580 కేలరీలు. లక్షల టన్నుల ఆవిరి ఒకేచోట ఇట్లా మారుతూ ఉంటే ఆ గాలి ఇంకా వేడెక్కి ఇంకా పైకి పోతుంది. కింద ఒత్తిడి పడిపోతుంది. ఆ లోటు పూడ్చటానికి నాలుగు దిక్కులనుంచి గాలి పరుగెత్తుకు వస్తుంది. భూమి తిరుగుతున్నది కనుక ఆ గాలి తిన్నగా మధ్యకు చేరలేక సుడి తిరుగుతుంది. మన ఉత్తరార్ధగోళంలో ఈ సుడి గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. సుడి నడిబొడ్డున గాలి లేని జాగా ఉంటుంది. దానినే తుఫాను కన్ను అంటారు. తాతయ్య చెప్పిన 'మధ్యలో కాసేపు ఆగటం' ఆ కన్ను మీదుగా పోవటమే. కన్ను దాటితే సుడి రెండో పక్క తగులుతుంది కనుక గాలి ఎదురుదిక్కునుంచి వస్తుంది. కన్ను చూసి ఇంట్లోంచి బయటికొచ్చినవాళ్ళు బతికి బట్టకట్టటం అదృష్టమే.

మరి వానాకాలం నడుమ సముద్రం వెచ్చగానే ఉంటుంది గదా, అప్పుడు పెద్ద తుఫానులు ఎందుకు రావు? నైరుతి రుతుపవనాల కాలంలో కిందిగాలి ఒక దిక్కుకు, చాలా ఎత్తున ఉండే గాలి మరొక దిక్కుకు బలంగా వీస్తాయి. ఎదుగుతున్న సుడిని అవి నిలువునా చీల్చేస్తాయి. ఆ గాలులు తగ్గి, సముద్రం వెచ్చగా ఉండే కాలాలు రెండు. ఒకటి ఏప్రిల్, మే. రెండవది అక్టోబరు నుంచి డిసెంబరు. ఈ రెండింటిలో ఏది వచ్చినా చేపలుపట్టేవారికి ఒకటే. రైతుకు మాత్రం రెండూ ఒకటి కావు. ఆ సంగతి ముందుముందు చెబుతాను.

నీళ్ళు అటెందుకు పోయాయి?

ఇప్పుడు తాతయ్య ప్రశ్న. మీరు చీరాల ఒడ్డున, సముద్రానికి వీపుపెట్టి, ఊరివైపు ముఖం పెట్టి నిలబడ్డారనుకోండి. తుఫాను మీ వెనుకనుంచి వచ్చి మీ మీదుగా ముందుకు పోతున్నది. సుడి గడియారానికి ఎదురుగా తిరుగుతున్నది కదా. అంచేత మీ కుడిచేతివైపు, అంటే బాపట్ల, నిజాంపట్నం, దివి వైపు, గాలి సముద్రం మీదినుంచి నేలమీదికి కొడుతుంది. మీ ఎడమచేతివైపు, అంటే ఒంగోలు వైపు, గాలి నేలమీదినుంచి సముద్రంలోకి కొడుతుంది. కుడివైపు గాలి నీళ్ళను ఒడ్డుకు తోస్తుంది. ఎడమవైపు గాలి నీళ్ళను ఒడ్డునుంచి వెనక్కు లాగుతుంది. దీనికి తోడు తుఫాను ముందుకు నడిచే వేగం కుడివైపు సుడి వేగానికి కలుస్తుంది, ఎడమవైపు తగ్గుతుంది. కనుక ఒకే తుఫానుకు రెండు చేతులూ ఒకటి కావు. గాలి అందరినీ కొడుతుంది, ఉప్పెన మాత్రం కుడిచేతివారినే ముంచుతుంది.

ఇక అది అంత ఎత్తు ఎట్లా లేచింది? ఒత్తిడి తగ్గితే సముద్రం కొద్దిగా ఉబ్బటం నిజమే. ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. మామూలు రోజున ఒత్తిడి 1010 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది. ఆ తుఫాను నడుమ అది 940 ప్రాంతానికి పడిపోయింది. తేడా 70. అంటే దానివల్ల లేచినది 70 సెంటీమీటర్లు, మొలలోతు మాత్రమే. మిగిలిన నాలుగు మీటర్ల పైచిలుకు గాలి తోసిన నీళ్ళే. నడిసముద్రంలో గాలి తోసిన నీళ్ళు అడుగునుంచి వెనక్కు పోయేందుకు దారి ఉంటుంది. కృష్ణ ఏళ్ళ తరబడి తెచ్చి పోసిన ఒండ్రువల్ల మన తీరంలో లోతు తక్కువ. వెనక్కుపోయే దారిలేక నీళ్ళు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. పైగా దివి ముందుకు పొడుచుకువచ్చి, నిజాంపట్నం దగ్గర తీరం లోపలికి వంగి ఉంటుంది. ఆ మూలలోకి తోసిన నీటికి పక్కకు తప్పుకునే చోటు కూడా లేదు. ఆ ఒడ్డున నేల సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్లకు మించి ఎత్తులేదు. ఇన్నీ కలిసి వచ్చాయి.

ఇదంతా తాతయ్యకు ఒక పళ్ళెంలో నీళ్ళుపోసి, ఒకవైపునుంచి ఊది చూపించాను. ఆయన చాలాసేపు ఆ పళ్ళెం వంకే చూసి, "అయితే ఆ తుఫాను ఇంకొంచెం కిందికి, కావలి దగ్గర దాటి ఉంటే, ఆ నీళ్ళు మనవైపు ఒడ్డుమీదికి వచ్చేవన్నమాట" అన్నాడు. అవును, అంతే. దివివాళ్ళు చేసిన తప్పూ లేదు, మనం చేసుకున్న పుణ్యమూ లేదు.

దేశం నేర్చుకున్న పాఠం

1977లో పడమటిదేశాల ఉపగ్రహాలు రోజుకు ఒకటి రెండుసార్లు మన మీదుగా పోతూ తీసిన చిత్రాలు, ఓడలు పంపిన సమాచారం, తీరంలో అక్కడక్కడా ఉన్న రాడార్లు ఇవే ఆధారం. రేడియోలో హెచ్చరిక వచ్చినా అది వినే రేడియో ఊరికి ఒకటో రెండో. విన్నా పోవటానికి చోటు లేదు. పల్లమైన ఊళ్ళో పూరింట్లో ఉన్నవాడికి 'సురక్షిత ప్రాంతానికి వెళ్ళండి' అంటే ఎక్కడికి వెళతాడు?

ఆ తరువాత పని జరిగింది. తీరం పొడుగునా కాంక్రీటు తుఫాను షెల్టర్లు లేచాయి. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ఆకాశంలో ఒకేచోట నిలిచి, మన సముద్రాన్ని పదే పదే చూడటం మొదలుపెట్టింది. మచిలీపట్నంలో రాడారు వచ్చింది. దీని ఫలితం 1990 మే 9న తేలింది. ఆ రోజు కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫాను బలంలో 1977 దానికి తీసిపోదు. కాని ముందుగానే లక్షల మందిని తరలించారు. మరణాలు వెయ్యి లోపు. వెయ్యి ప్రాణాలు తక్కువని నేననటం లేదు. పదివేలకూ దానికీ ఉన్న తేడా హెచ్చరికవల్లా, షెల్టరువల్లా, సకాలంలో కదిలిన లారీవల్లా వచ్చినదని చెబుతున్నాను.

2004 నుంచి మన సముద్రాల తుఫానులకు పేర్లు కూడా పెడుతున్నారు. చుట్టుపక్కల దేశాలు తలా కొన్ని పేర్లు ఇచ్చి, వరుసగా వాడుకుంటాయి. 2010 మే 20న బాపట్ల దగ్గర దాటిన లైలా పేరు పాకిస్తాన్ ఇచ్చినది. 2013 నవంబరులో వారం తేడాతో మచిలీపట్నం వైపు వచ్చిన హెలెన్, లెహర్‌లలో మొదటిది బంగ్లాదేశ్ ఇచ్చిన పేరు, రెండవది మనదే. 1977 నాటిదానికి పేరు లేదు. అందుకే దానిని 'దివిసీమ ఉప్పెన' అని, మునిగిన ఊరి పేరుతోనే పిలుచుకుంటున్నాం.

మిగిలిపోయిన పాఠం

ఇక రెండో ప్రశ్నకు వస్తాను. తుఫానుకు మూడు ఆయుధాలు. గాలి, ఉప్పెన, వాన. 1977 మనచేత నేర్పించినది ఉప్పెన పాఠం. సముద్రానికి పాతిక, యాభై కిలోమీటర్ల దూరాన ఉన్న పరుచూరు, పెదనందిపాడు, చిలకలూరిపేట, ప్రత్తిపాడు చేలకు ఉప్పెన రాదు. మమ్మల్ని కొట్టేది వాన.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. గాలి గంటకు 90, 100 కిలోమీటర్లు. గాలి తాకిడి దాని వేగానికి వర్గంగా పెరుగుతుందని చదువుకున్నాం. ఆ లెక్కన 1977 గాలి తాకిడిలో ఇది నాలుగో వంతు. మన రాష్ట్రంలో ప్రాణనష్టం బహు స్వల్పం. అప్పుడు నేను డిగ్రీలో చేరిన మొదటి సంవత్సరం. మూడు నాలుగు రోజుల ముందే కబురు తెలిసింది. హాస్టలునుంచి ఇంటికి వెళ్ళాను. మా సొంత చేలో పత్తి పగిలి ఉన్నది. అమ్మా నాన్నా నేనూ రెండు రాత్రులు ఫోను లైట్ల వెలుగులో పత్తి తీశాం. కూలీలు దొరకలేదు, ఊరంతా అదే పనిలో ఉన్నది గనుక. తీసిన పత్తి ముందుగదిలో కప్పుదాకా పోసి, మేం పంచలో పడుకున్నాం. అంటే హెచ్చరిక మా పత్తిని సగం కాపాడింది.

మిరప సంగతి వేరు. కౌలుకు చేసిన మూడెకరాల్లో మొదటి కాపు చెట్టుమీద ఉన్నది. పచ్చికాయ కోసి ఏం చేసుకుంటాం? కాయ పండాలి, కల్లంలో ఎండాలి, అప్పుడే అది గుంటూరు యార్డుకు పోయే సరుకు. వాన కురిసింది. నీళ్ళు మూడు రోజులు చేలోనే నిలిచాయి. నాలుగో రోజు ఎండ కాసింది. అందరం సంతోషించాం. ఆ ఎండకే మొక్కలు తలలు వాల్చేశాయి. నాన్న గట్టుమీద కూచొని, "నీళ్ళల్లో నిలబడి దాహంతో చచ్చిపోయినై" అన్నాడు.

సైన్సు విద్యార్థినిగా చెబుతున్నాను, నాన్న అన్నది అక్షరాలా నిజం. వేరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. నేలలోని సందుల్లో ఉండే గాలినుంచి దానికి ప్రాణవాయువు అందుతుంది. ఆ సందులు నీటితో నిండితే, నీటిలో ప్రాణవాయువు కదిలే వేగం గాలిలోకంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. వేరు ఊపిరాడక చచ్చిపోతుంది. చచ్చిన వేరు నీటిని పైకి లాగలేదు. మబ్బు ఉన్నంతసేపూ ఆకుకు నీటి అవసరం తక్కువ కనుక ఏమీ తెలియదు. ఎండ కాయగానే ఆకు నీరు అడుగుతుంది, వేరు ఇవ్వలేదు. ఆ మీదట శిలీంధ్రం వచ్చి కొమ్మ ఎండటం, కాయ కుళ్ళటం మొదలవుతాయి. చెట్టున మిగిలిన కాయ తెల్లబడి తాలు అవుతుంది. దానికి వచ్చే ధర రైతులకు తెలుసు.

ఎర్రనేలలో ఇంత నష్టం రాదు. మన నల్లరేగడే మన బలమూ, మన బలహీనతానూ. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే జిగురుబంక ఖనిజం ఎక్కువ. అది పలకల దొంతరలాగా ఉండి, పలకల నడుమ నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. అందుకే వాన లేకపోయినా తేమ చాలాకాలం దాచుకొని పత్తిని బతికిస్తుంది. ఎండితే బెత్తెడు వెడల్పున నెర్రెలిస్తుంది. తడిస్తే ఆ నెర్రెలన్నీ మూసుకుపోతాయి. అట్లా మూసుకున్నాక గంటకు ఒక మిల్లీమీటరు నీరు కూడా సరిగా ఇంకదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన అంటే సుమారు 40,000 లీటర్లు. తుఫానులో 20 సెంటీమీటర్లు పడటం వింతకాదు. అంటే ఎకరానికి 8 లక్షల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు 160. ఇది నేలలో ఇంకిపోవాలంటే గంటకు ఒక మిల్లీమీటరు లెక్కన 200 గంటలు, ఎనిమిది రోజుల పైమాట. మిరప ఓర్చుకోగలిగేది ఒకటి రెండు రోజులు. కాబట్టి ఆ నీరు ఇంకి పోదు, పారి పోవాలి. వేరే దారిలేదు.

పారిపోయే దారిలోనే సముద్రం మళ్ళీ అడ్డం వస్తుంది. మా వైపు వాగుల నీళ్ళన్నీ చివరకు నల్లమడ, రొంపేరు వంటి మురుగుకాలువల గుండా బాపట్ల, చీరాల వైపు సముద్రంలో కలవాలి. తుఫాను ఒడ్డుకు వచ్చేటప్పుడు కుడిచేతివైపు సముద్రమట్టం లేచి ఉంటుందని చెప్పాను గదా. ఉప్పెన కాకపోయినా, మట్టం ఒక మీటరు లేస్తే చాలు, కాలువ నోరు మూసుకున్నట్టే. కాలువలో నీరు కదలదు. దానికి పూడికా, గుర్రపుడెక్కా, జమ్మూ తోడైతే సముద్రం తగ్గినా నీరు తగ్గదు. అంచేత సముద్రం కనపడని మా చేను కూడా సముద్రం చేతిలోనే ఉన్నది. 1977లో దివిని ముంచిన శాస్త్రమే చిన్న ఎత్తున మా మురుగుకాలువకు అడ్డంపడుతున్నది. తాతయ్య అన్నట్టు నీళ్ళు అటు పోవటం కాదు, మా నీళ్ళు అటు పోలేకపోవటం మా కష్టం.

మే నెల తుఫానుకూ నవంబరు తుఫానుకూ రైతుకు తేడా ఉందన్నది ఇందుకే. మే నెలలో చేలు ఖాళీ. పంట కల్లంలోనో కోల్డు స్టోరేజిలోనో ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో పత్తి పగులుతూ, మిరప కాస్తూ ఉంటుంది. అప్పటికి ఎరువూ, పురుగుమందూ, కూలీ అంతా భూమిలో పోసేసి ఉంటాం. మిరపకు ఎకరానికి లక్ష రూపాయలకు పైబడిన పెట్టుబడి. కౌలురైతుకు కౌలు అదనం. నష్టపరిహారం వచ్చినా అది పాసుపుస్తకం ఉన్నవారి పేరన పోయే అవకాశమే ఎక్కువ. 2019 చట్టం కింద సాగుదారు కార్డు ఉన్నది గాని, దానికి భూయజమాని ఒప్పుకోవాలి. మాకు ఆ కార్డు లేదు. ఆ మూడెకరాల నష్టం కాగితం మీద ఎక్కడా లేదు. మా ఇంట్లో మాత్రం ఉన్నది. ఆ మరుసటి ఏడు నాన్న కౌలు మానుకున్నాడు.

మనం చేయగలిగినది

ముందుముందు వానలు తగ్గుతాయనుకోవటానికి వీలులేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అదే తుఫాను ఎక్కువ నీళ్ళు మోసుకువస్తుంది.

హెచ్చరిక వచ్చాక చేసే పనులున్నాయి. పగిలిన పత్తి తీయటం, కల్లంలో కాయ కప్పటం, గట్టుకు గండికొట్టి నీటికి దారి ఇవ్వటం. వాన వెలిశాక చేసే పనులున్నాయి. నీరు తీసిన తరువాత మొక్క మొదళ్ళు తడిసేట్టు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయటం, వేరు తేరుకునేదాకా ఆకుమీద లీటరుకు 20 గ్రాముల యూరియాగాని, 10 గ్రాముల పొటాషియం నైట్రేటుగాని పిచికారీ చేయటం. వేరు తినలేనప్పుడు ఆకుతో తినిపించటమన్నమాట. ఇవన్నీ వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నవే. కాని అసలు పని తుఫానుకు మూడు నెలల ముందుది. బోదెలమీద మిరప నాటటం, చేనుకు పల్లంవైపు మురుగుబోదె తీయటం, ఆ బోదె కలిసే వాగునూ, వాగు కలిసే కాలువనూ సెప్టెంబరు లోపల పూడిక తీయించటం. ఒక్క రైతు తన చేలో బోదె తీసుకుంటే నీరు పక్కవాడి చేలోకి పోతుంది. అంచేత ఇది ఒక్కరి పని కాదు, ఊరి పని, ఊళ్ళ పని.

షెల్టరు ఎట్లాగో మురుగుకాలువ అట్లాగే. తుఫాను రోజున కట్టేది కాదు, ముందే కట్టి ఉంచేది. 1977 తరువాత మనుషులకు షెల్టర్లు కట్టాం. పైరుకు షెల్టరు మురుగుకాలువే. దాన్ని మాత్రం ఇంకా 'వానాకాలం అయ్యాక చూద్దాం' అనే పనుల జాబితాలో ఉంచాం.

మన కాలేజీలో సగానికి సగం రైతుల పిల్లలం. ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు ఎక్కడో ఒక ఊరికి పోయి రోడ్లు ఊడుస్తున్నాం. దాని బదులు ఆగస్టులో ఒక వారం ఒక మురుగుకాలువ వెంట నడిచి, ఎక్కడ పూడింది, ఎక్కడ తూము మూసుకుపోయింది అని పటం గీసి పంచాయతీకి ఇస్తే ఎట్లా ఉంటుంది? భౌతికశాస్త్రంవారు మట్టాలు కొలవవచ్చు, రసాయనశాస్త్రంవారు మట్టి పరీక్షించవచ్చు, వృక్షశాస్త్రంవారికి వేళ్ళ సంగతి నాకంటే బాగా తెలుసు. యూనియన్ మిత్రులు దీన్ని ఆలోచించాలని కోరుతున్నాను.

మొన్న ఈ వ్యాసం రాసి తాతయ్యకు చదివి వినిపించాను. అంతా విని, "కుడిచెయ్యి, ఎడమచెయ్యి సంగతి బాగానే ఉందమ్మా. ఆ కాలవ సంగతి ఎవరన్నా చదువుతారా?" అని అడిగాడు. చదువుతారని చెప్పాను. ఆయన లేచి వాకిట్లోకి పోయి, మళ్ళీ తూర్పువైపు చూశాడు.